బుచ్చవ్వ వేసిన ముడి

2020 జూలై మొదటి సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు, సూరత్ పక్కన కడోదరాలో మా మగ్గాల కార్ఖానా గేటు దగ్గర జ్వరం చూసే వరుసలో నిలబడి ఉండగా నా లాగు బొందు తెగిపోయింది.

జ్వరం చూసే యంత్రాన్ని నుదుటికి గురిపెట్టినప్పుడు చేతులు పైకెత్తాలని ఎక్కడా రాసి లేదు. అయినా నేను ఎత్తాను. ఎత్తినప్పుడు కడుపు లోపలికి పోయింది. దించినప్పుడు అది మూడు నెలల లాక్‌డౌన్ తిండితో సహా తిరిగి వచ్చింది. బొందు అంత బరువును ఊహించినట్టు లేదు. రెండు చేతులతో లాగు పట్టుకున్నాను. మూతికి కట్టుకున్న గుడ్డ కూడా అప్పుడే జారింది. ఏది ముందు పట్టుకోవాలన్న విషయంలో ప్రభుత్వం సూచనలేవీ ఇచ్చి ఉండలేదు.

మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండాలని నేలమీద సున్నంతో గుండ్రాలు గీశారు. నా వెనక గుండ్రంలో బుచ్చవ్వ ఉంది. ఆమె గీత దాటి వచ్చి, "కదలకు బిడ్డా, పోగు తెగింది," అంటూ తెగిన రెండు కొసలనూ కలిపి పట్టుకుంది. ఒక్క మెలిక తిప్పి లాగింది. అంతే. మళ్ళీ తన గుండ్రంలోకి పోయి నిలబడింది.

పదకొండు గంటలకు రెండో చాయ్ తన పని మొదలుపెట్టాక తెలిసింది, ఆ ముడి విప్పడానికి రాదని. గోళ్ళతో చూశాను. మగ్గాలు బాగుచేసే మిస్త్రీని కాబట్టి జేబులో స్క్రూడ్రైవర్ ఉంటుంది, దానితోనూ చూశాను. చివరికి పరుగులాంటి నడకతో ఇంటికి పోతే మా ఆవిడ ప్రసన్న కత్తెర తెచ్చి, ముందు ఒక ప్రశ్న అడిగింది.

"ఎవరు కట్టిండ్రు?"

"బుచ్చవ్వ పెద్దమ్మ."

"మరి గోళ్ళతోని గీకుడెందుకు? సక్కగ నిలబడు," అని బొందు కత్తిరించింది.

ఇది చెప్పుకోదగ్గ సంగతేమీ కాదు. కాని వారం తిరక్కుండానే అదే ముడి ఒక మనిషి కాలిమీద పడింది. అందుకని చెప్పాల్సి వచ్చింది.

బుచ్చవ్వది సిరిసిల్ల దగ్గర పల్లె. పెళ్ళికి ముందు బీడీలు చుట్టేది. రోజుకు వెయ్యి బీడీలకు వెయ్యి దారాలు కట్టిన వేళ్ళు అవి. పెళ్ళయి సూరత్ వచ్చిన నెలలోనే భర్త నర్సింగం ఆమెను మగ్గం వెనక కూర్చోబెట్టి బీము అతకడం నేర్పాడు. మగ్గం మీద పాత బీము, అంటే పడుగు పోగులు చుట్టిన దిమ్మ, అయిపోతే కొత్త బీము ఎక్కిస్తారు. కొత్తదాని పోగు ఒక్కొక్కటీ పాతదాని పోగుకు ముడివేయాలి. ఒక్క బీముకు నాలుగు వేల పైచిలుకు ముడులు. వేలికి బూడిద అద్దుకోవడం, రెండు కొసలు కలపడం, మెలిక, లాగడం. ఆ ముడి చిన్నదిగా ఉండాలి, ఊడకూడదు. ఇంకేమీ అక్కర్లేదు. విప్పడమన్నది ఆ పనిలో లేనే లేదు.

నర్సింగానికి చూపు మందగించాక బీములన్నీ ఆమె మీదికే వచ్చాయి. మగ్గాల మోతలో ఆయనకు చెవులు సగం పోయాయి, ఆమెకు గొంతు రెట్టింపయింది. వాళ్ళిద్దరూ గుసగుసలాడుకుంటే ఆ వరుసలో ఉన్న ఎనిమిది షెడ్లకూ తెలిసేది, వాళ్ళింట్లో ఇవాళ ఏ కూరో. తెగింది ఏది కనిపించినా ఆమె చెయ్యి అడగకుండానే పోతుంది. బకెట్ పిడికి ముడి, కళ్ళజోడు కాడకు ముడి. మా ఇంటి ఫ్యాను తీగకు కూడా ఒకసారి ముడి వేసింది. ఆ ఫ్యాను ఇప్పటికీ తిరుగుతోంది. ఎలా అన్నది నేను అడగదలచుకోలేదు.

మే నెలలో రైళ్ళు వేసినప్పుడు మావాళ్ళు చాలామంది ఊళ్ళకు పోయారు. వీళ్ళు పోలేదు. సేఠ్ వాళ్ళను షెడ్డు వెనక గదిలో ఉండి కాపలా చూసుకొమ్మన్నాడు. "ఊర్లెకు పోయి ఏం జేస్త? ఆడ నాకు అతికేటందుకు ఏమున్నది?" అంది బుచ్చవ్వ. గది వెనక గోడ దాటితే చెరకు తోట. లాక్‌డౌన్‌లో దాతలు తెచ్చిన సాయం సంచులు ఇంటింటికీ వచ్చాయి. వాటిలో బియ్యం కొంచెం, గోధుమలు చాలా. మావాళ్ళకు రెండు పూటలా అన్నం పడాలి. గోధుమల సంచులను తీసుకుపోయి షెడ్డు మూలన, మూడు నెలలుగా ఎవరూ ఎత్తని వ్యర్థపు నూలు కుప్ప పక్కన పెట్టారు. మనకు అక్కర్లేనిది ఎలుకలకు అక్కరకు వచ్చింది. ఎలుకలు ఎవరికి అక్కరకు వస్తాయో ఎవరూ ఆలోచించలేదు.

శనివారం పొద్దున పది గంటల ప్రాంతం. రాత్రంతా వాన పడి తెరిపి ఇచ్చింది. నర్సింగం ఆ నూలు కుప్పను సర్దుదామని షెడ్డులోకి పోయాడు. బుచ్చవ్వ గదిలో చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఏమే, కుక్కర్ సప్పుడైతున్నది, చూడు!" అని అరిచాడు ఆయన లోపలినుంచి.

"పొయ్యి మీద కుక్కరే పెట్టలే!"

"సీటీ వచ్చేటట్టున్నదే! నీకు చెవులు పోయినయా ఏంది?"

"ఎవలకు పోయినయి చెవులు? నాకా, నీకా?"

పదేళ్ళ తర్వాత తనకు ఒక శబ్దం అంత స్పష్టంగా వినిపించిందన్న సంతోషంలో నర్సింగం, అది ఎక్కడనుంచి వస్తోందో చూపించి భార్య నోరు మూయించాలని ఇంకో రెండు అడుగులు ముందుకు వేశాడు. కుడికాలి మడమ పైన పడింది కాటు. ఒళ్ళంతా గొలుసులాంటి మచ్చలున్న లావుపాటి రక్తపింజర ఒకటి, తన పని తాను చూసుకుని కుప్పలోకి పోయింది. కుక్కర్‌లా బుసకొట్టే పాము మనవైపు అదొక్కటే.

ఆయన అరుపుకు బుచ్చవ్వ పరుగెత్తింది. నేను పక్క షెడ్డులో మగ్గం కింద పడుకుని పట్టీ బిగిస్తున్నాను, లేచి వచ్చేసరికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల్లో ఆమె చేతులు పని అంతా ముగించేశాయి. కండె మీది పాలిస్టర్ నూలు పది వరసలు మెలిపెట్టి మడమ పైన ఒకటి, పిక్క మీద ఒకటి, మోకాలి కింద ఒకటి, మూడు కట్లు. మూడింటికీ బీము ముడి. కాలు అప్పటికే నీలంగా మారుతోంది.

ఆ వరుసలో పెద్దమనిషి కనకయ్య, నాలుగు మగ్గాల ఆసామి, ఫోను చెవికి పెట్టుకుని వచ్చాడు. ఊళ్ళో ఆయన మేనమామకు పాము మంత్రం వచ్చు. ఫోనులోనే వేస్తాడట. స్పీకర్ పెట్టి నర్సింగం కాలి దగ్గర ఉంచాడు.

కరోనా నుంచి కాపాడుకోవాలంటే చేతులు కడుక్కోవాలని ముందు ఒక ఆడగొంతు హిందీలో చెప్పింది. తర్వాత "ఓం..." అంది ఫోను. తర్వాత ఏమీ లేదు.

"కట్ అయింది. మల్ల కొడ్త," అన్నాడు కనకయ్య.

"కాకా, దవాఖానకు పోదాం," అన్నాను నేను కనకయ్యతో.

దానికి నర్సింగమే ఒప్పుకోలేదు. "నేను రాను. గాడికి పోతె పాము సంగతి ఇడిసిపెట్టి కరోనా అని రాసుకుంటరు. సంచిల కట్టి పంపుతరు. సత్తె ఈడ్నే సస్త."

అది ఒట్టి మొండితనం కాదు. ఆ నెలలో మా పక్క లైనులోంచి దవాఖానకు పోయిన ముగ్గురిలో ఇద్దరు తిరిగి రాలేదు. మంచానికో మనిషి, మనిషికో భయం. కనకయ్య రెండోసారి ఫోను కలుపుతున్నాడు. బుచ్చవ్వ ఎటూ తేల్చుకోలేక భర్త కాలు పట్టుకుని కూర్చుంది. కాటు దగ్గర రెండు గాట్లలోంచి నెత్తురు కారుతోంది. ఆమె తుడిచింది. కారింది. మళ్ళీ తుడిచింది. ఆయన పక్కకు తిరిగి ఉమ్మితే ఉమ్మి కూడా ఎర్రగా పడింది.

"ఆకు వక్క ఏసినవా?" అంది.

"ఎక్కడిది? మూడు నెలలాయె," అన్నాడు.

తను ముడి వేశాక ఏదీ కారదు, జారదు. ఆమెకు తెలిసినంతవరకు ప్రపంచం అలాగే నడిచింది. మూడు ముడులు వేసినా నెత్తురు ఆగకపోవడం ఆమెకు కొత్త. లేచి నిలబడింది.

"పరమేశ్వర్, టెంపో తియ్యి. ఈయనను నేను ఎత్తుకొస్త."

ఎత్తుకుని వచ్చింది కూడా. ఆమె తలకంటే ఆయన తల జానెడు పైన ఉంటుంది.

బట్టల తాకాలు, అంటే తానులు, మోసే మూడు చక్రాల టెంపో అది. వెనక చాపమీద నర్సింగాన్ని పడుకోబెట్టాం. సూరత్ నగరం పొలిమేరలో పోలీసు ఆపాడు. పేషెంటు మూతికి గుడ్డ లేదేమని అడిగాడు. గుడ్డ నెత్తురు తుడవడానికి పోయింది.

"సాబ్, సాంప్ కాటా," అంది బుచ్చవ్వ.

పోలీసు ఒకడుగు వెనక్కి వేశాడు. "సాంప్ కహాఁ హై?"

"ఘర్ పే."

పాము బండిలో లేదని నమ్మకం కుదిరాక వదిలాడు.

పెద్ద సర్కారు దవాఖానలో మమ్మల్ని పడమటి వరండాలోకి పంపారు. ఒంటినిండా తెల్ల కిట్టు వేసుకున్న నర్సు వచ్చింది. కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. మా మాట వినగానే ఆ కళ్ళు పెద్దవయ్యాయి.

"తెలుగోళ్ళా? నేను సంగీత, మాది లింబాయత్, మనోళ్ళ బస్తీనే. అరే అవ్వా, యే కిస్‌నే బాంధా?"

"నేనే కట్టిన బిడ్డా."

"గిట్ల కడతరా ఎవరన్నా? పింజర కరిస్తే కట్టుడే ఖరాబ్. విషం ఆగదు. గాడనే కూసొని కండను తింటది. కాలు కదలకుండ సీదా పెట్టి జల్ది తేవాలె, అంతే." అంటూనే ముడి విప్పబోయింది. రెండు జతల చేతితొడుగుల్లోంచి ఆ ముడి ఆమెకు చిక్కనే లేదు. "ఖులతా నై హై, మేడమ్!"

డాక్టరమ్మ వచ్చి చూసింది. అప్పుడే విప్పవద్దంది. ముందు సెలైన్ ఎక్కాలి, మందు సిద్ధంగా ఉండాలి. కట్లు ఒక్కసారిగా వదిలితే కింద నిలిచిందంతా ఒకేసారి పైకి పోతుంది. అదంతా సంగీత మాకు తెలుగులో చెప్పింది. తర్వాత నర్సింగం చేతినుంచి కొంచెం నెత్తురు తీసి, కొత్త గాజు గొట్టంలో పోసి, కిటికీ గట్టు మీద నిలబెట్టింది.

"ఇరవై మినిట్లు. హాత్ నై లగానా. అప్పటికి గడ్డ కడితే మంచిది. నీళ్ళలెక్క ఉంటే విషం నెత్తురుల కలిసినట్టు. కాకా, టైమ్ చూస్తరా?"

కాకా అంటే నేను. టైమ్ చూడటం చిన్న పని. దానికి కావలసింది చూడటం మాత్రమే. పన్నెండో నిమిషంలో, ఒకవేళ ముందే గడ్డకట్టిందేమో తెలిస్తే అందరికీ ఊరట కదా అనిపించి, గొట్టాన్ని కొంచెం వంచి చూశాను. సంగీత అటువైపునుంచి చూసింది.

"కాకా! తుమ్ భీ నా!"

మళ్ళీ నెత్తురు తీశారు. మళ్ళీ ఇరవై నిమిషాలు. సూది గుచ్చినచోట కూడా కారుతూనే ఉంది. నర్సింగం నావైపు చూసిన చూపు పాము వైపు కూడా చూసి ఉండడు. ఈసారి బుచ్చవ్వ నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. తను రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని, వాటిమీద కూర్చుంది. గొట్టాన్ని కళ్ళతో మాత్రమే చూసింది.

ఇరవై నిమిషాలకు సంగీత గొట్టం వంచితే నెత్తురు అటునుంచి ఇటు పారింది.

"గంజి పేరనట్టున్నది," అంది బుచ్చవ్వ మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

పది సీసాల మందు సెలైన్‌లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు. గుర్రానికి కొంచెం కొంచెంగా విషం ఇచ్చి, దాని నెత్తురులోంచి ఈ మందు తీస్తారని సంగీత చెప్పింది.

"గుర్రం నెత్తురా? నాకా?" అన్నాడు నర్సింగం.

"మంచిదే. ఇగనన్న జర ఉరుకుతవ్," అంది బుచ్చవ్వ.

కొద్దిసేపటికి ఆయనకు చలి పుట్టింది, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. మందు ఆపారు. తొడలో ఒక సూది వేశారు. దద్దుర్లు తగ్గాక మళ్ళీ మెల్లగా ఎక్కించారు. అలా కొందరికి అవుతుందట, అందుకే ఇంటి దగ్గర ఇవ్వకూడదట. అప్పుడు డాక్టరమ్మ కాలి దగ్గరికి వచ్చింది. పై రెండు కట్ల కింద కత్తెర మొన దూరింది. ఒకటి తీసి, కొంతసేపు ఆగి, రెండోది తీశారు. మూడోది, మడమ పైది, వాచిన కండలో మునిగిపోయి కనబడటం లేదు. కత్తెర పెడితే చర్మం తెగుతుంది. గడ్డకట్టని నెత్తురు ఉన్న మనిషికి చిన్న గాటు పడినా ఆగదు.

డాక్టరమ్మ హిందీలో ఏదో అడిగింది. సంగీత మావైపు తిరిగింది. "అవ్వా, మీరు కట్టిందే గదా. మీరే ఇప్పున్రి. మెల్లగ."

"నాకు ముడి ఇప్పనీకె రాదు బిడ్డా."

"ఎందుకు రాదు?"

"నలభై ఏండ్ల సంది కడుతున్న. ఒక్కటి ఇప్పలే. ఎవలు ఇప్పుమనలే."

కొన్ని లక్షల ముడులు వేసిన మనిషి ఆ మాట అంటుంటే వరండాలో ఎవరూ నవ్వలేదు. బుచ్చవ్వ చేతులు కడిగించుకుంది. సంగీత సన్నటి మొండి సూది ఒకటి ఇచ్చింది. బుచ్చవ్వ కళ్ళు మూసుకుని వేలికొసతో ముడి కోసం వెతికింది. దొరికింది. ఇన్నేళ్ళూ వేళ్ళు ఏ దారిన పోయాయో ఆ దారిన వెనక్కి రావాలి. లాగినదాన్ని తోయాలి, మెలికను ఎదురు తిప్పాలి. మొదటి పోగు వదలడానికి పది నిమిషాలు పట్టింది. నర్సింగం పళ్ళు కరిచి పట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. ఆమె చెమట ఆయన కాలిమీద పడింది.

"ఏడుస్తున్నవా?" అన్నాడు.

"సెమట. కదలకు."

పోగు తర్వాత పోగు వదిలింది. చివరిది జారినప్పుడు నూలు దిగినచోట చర్మం కూడా కొంత దానితో వచ్చింది. బుచ్చవ్వ ఆ దారాన్ని పారెయ్యలేదు. కొంగున కట్టుకుంది. ఆ ముడి మాత్రం వదులుగా వేసింది, నేను చూశాను.

సాయంత్రం గొట్టంలో నెత్తురు ఇంకా పారింది. మరో పది సీసాలు ఎక్కించారు. ఆదివారం పొద్దున మళ్ళీ గాజు గొట్టం కిటికీ గట్టు ఎక్కింది. ఎవరూ చెప్పకముందే నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. బుచ్చవ్వ చేతులమీద కూర్చుంది. ఇరవై నిమిషాలయ్యాక సంగీత గొట్టాన్ని వంచింది, పూర్తిగా తలకిందులు చేసింది. చుక్క కదల్లేదు.

"పేరింది," అంది బుచ్చవ్వ. అని, ఇరవై నాలుగు గంటల తర్వాత మొదటిసారి మంచినీళ్ళు తాగింది.

నర్సింగం ఇంకో వారం ఉన్నాడు. మూత్రం సరిగ్గా వస్తోందా అని రోజూ సీసాతో కొలిచేవాళ్ళు. పింజర విషం మూత్రపిండాలను కూడా పట్టుకుంటుందట. సీసా మీది గీత చదివి చెప్పే బాధ్యత నాకు ఇవ్వబోతే సంగీత వద్దంది. కరోనా పరీక్ష కూడా చేశారు, లేదని వచ్చింది. ఆ కాగితాన్ని ఆయన కనకయ్యకు రెండుసార్లు చూపించాడు.

పాము కాటు మానింది గాని కట్టు పడినచోట పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. కట్టకుండా తెచ్చి ఉంటే ఈ పుండు ఉండేది కాదని మేము ఇంటికి బయల్దేరేటప్పుడే డాక్టరమ్మ చెప్పింది. బుచ్చవ్వ విని తల ఊపింది.

తిరిగి వచ్చాక ముందుగా గోధుమల సంచులు అవతలికి పంపించింది. నూలు కుప్ప ఎత్తించింది. తర్వాత ఎనిమిది షెడ్లలోనూ తిరిగి చెప్పింది. చెప్పడమంటే ఆమె గొంతుతో ఒక్కచోట నిలబడి చెబితే సరిపోయేది, కాని తిరిగింది. "కట్టొద్దు. కొయ్యొద్దు. నోటితోని పీల్చొద్దు. ఫోన్ల మంత్రం అసలే వద్దు. కాలు కదలకుండ పెట్టి నన్ను పిలువున్రి." కనకయ్య ఆ వారం ఫోను బయటికి తీయలేదు.

2021 వానల్లో చెరకు తోటలో కూలిమనిషి ఎల్లవ్వను పాము కరిచింది. బుచ్చవ్వ బట్టల తాకాలు చుట్టే అట్టగొట్టాన్ని నిలువునా చీల్చి, ఎల్లవ్వ కాలికింద పెట్టి, పాత చీరపీలికతో వదులుగా చుట్టింది. చుట్టాక తన వేలు దూర్చి చూసుకుంది, దూరింది. ముడి కొస లాగితే ఊడేలా వేసింది. ఇరవై నిమిషాల్లో టెంపో బయల్దేరింది. ఎల్లవ్వ నాలుగో రోజు నడిచి ఇంటికి వచ్చింది. ఆ దవాఖాన వరండాలో బుచ్చవ్వను ఇప్పుడు అందరూ ఎరుగుదురు. నన్ను కూడా ఎరుగుదురు, గాజు గొట్టాలు ఉన్నవైపు మాత్రం పోనివ్వరు.

బీములు ఇప్పటికీ ఆమే అతుకుతోంది. ఆ ముడి మారలేదు, మారితే గుడ్డ నిలవదు.

నర్సింగానికి కోపం మాత్రం పోలేదు. సాయంత్రం గది ముందు మంచం వాల్చుకుని, లాగు మోకాలి దాకా మడిచి, దారిన పోయేవాళ్ళకు కాలు చూపిస్తాడు. పాము గాట్లు కనబడవు. మడమ పైన మాత్రం కడియం తొడిగినట్టు తెల్లటి మచ్చ చుట్టూ ఉంటుంది. మొన్న నన్ను పిలిచి చూపించి, లోపల అన్నం వండుతున్న ఆమెకు వినబడేలా అరిచాడు.

"చూడు పరమేశ్వర్, పాము కరిసిన మచ్చ ఎన్నడో పోయింది. దీని ముడి మచ్చ పోతలేదు!"

లోపలినుంచి బుచ్చవ్వ అంది:

"పాముతోని ఒక్కనాటి సోపతి, నాతోని నలభై ఏండ్ల కాపురమాయె."